కక్కూసు మీద పేరు

ఆ విడుతిలో పేరు లేని వస్తువు లేదు. గేటు మీద తలైవర్, అంటే సంఘం అధ్యక్షుడు, రంగసామి తండ్రి పేరు, భోజనశాల మీద ఎవరిదో తల్లి పేరు, మెట్ల మీద ఒకరిది, నీళ్ళ ట్యాంకు మీద ఇంకొకరిది. ఫ్యాను రెక్కలకు ఎర్ర రంగుతో పేర్లు రాయించారు. ఫ్యాను తిరిగినప్పుడు చదవలేము కదా అని ఎవరూ అడగలేదు. తినే పళ్ళేల అంచుల మీద పేర్లు చెక్కించారు. చివరికి చెప్పులు పెట్టుకునే అరకు కూడా ఎవరిదో మేనత్త పేరుంది.

విడుతి అంటే హాస్టల్. కోయంబత్తూరులో, ఇక్కడివాళ్ళ నోట్లో కోవైలో, చదువుకునే మన ఆడపిల్లల కోసం మనవాళ్ళు కట్టించినది. మనవాళ్ళంటే ఎన్నో తరాల కిందట తెలుగు మాటను వెంటబెట్టుకుని ఈ తమిళదేశానికి వచ్చి, నల్లరేగడిలో పత్తి పండించి, ఆ పత్తితో మిల్లులు పెట్టి, ఆ మిల్లులతో కార్లు కొనుక్కున్నవాళ్ళు. నిజానికి అందరూ కార్లు కొనుక్కోలేదు. కొందరు ఇంకా పత్తి దగ్గరే ఆగిపోయారు. కార్లున్నవాళ్ళు విడుతికి దానం చేస్తారు, పత్తి దగ్గర ఆగిపోయినవాళ్ళ పిల్లలు అందులో ఉండి చదువుకుంటారు. దానం చేసినవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళను కల్వెట్టులంటారు. ప్రతి శుక్రవారం వాటికి నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పువ్వులు పెడతారు.

మరుగుదొడ్డి మీద మాత్రం ఎవరి పేరూ లేదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

భవనం వెనకాల, సునామీ వచ్చి పోయినట్టుండే ఒక రేకుల షెడ్డు అది. పిల్లలు కొద్దిమంది ఉన్న రోజుల్లో కట్టింది. ఇప్పుడు మూడంతస్తుల పిల్లలకీ అదే దిక్కు. ఐదు గదుల్లో రెండింటికి గడియలు లేవు, ఒకదానికి తలుపే లేదు. చివరిది పొంగిపొర్లుతుంటే అడ్డంగా ఒక బండరాయి పెట్టి ఊరుకున్నారు. ఆ రాయి కిందనుంచి పసుపురంగు నీళ్ళు సన్నగా బయటికి వచ్చి, మిగతా నాలుగింటి ముందు మడుగు కట్టేవి. గోడ వారన వాడిపారేసిన గుడ్డలు, ప్యాడ్లు గుట్టపడి ఉంటే వాటి మీద తెల్లటి పురుగులు మెదిలేవి. పొద్దున్నే చున్నీ ముక్కుకు చుట్టుకుని, పైజామా మోకాళ్ళ దాకా ఎగలాక్కుని, ఇటుకల మీద కాలు పెట్టుకుంటూ వెళ్ళాలి. దర్శిని వెళ్ళిన ప్రతిసారీ డోకు వచ్చేది. ఏడాది కావస్తున్నా అలవాటు కాలేదు. అలవాటైపోయిందని చెప్పే పిల్లలను చూస్తే ఆమెకు ఇంకా అసహ్యం వేసేది.

వారానికి రెండుసార్లు ఇరుళాయి అనే ఆమె వెనక గేటులోంచి వచ్చేది. ముందు గేటులోంచి రాకూడదట. చీరకొంగు పళ్ళ మధ్య బిగించి, ఒక చీపురూ ఒక బకెట్టూ పట్టుకుని, కొన్ని పనులకు ఉత్త చేతులతోనే దిగేది. గ్లౌజులు కొనివ్వమని పిల్లలు అడిగితే, వార్డెన్ సుందరవల్లి అత్త, "అది అలవాటు పడినదే లేమ్మా" అనేది. అందరికీ అలవాటు చేసేయడమే ఆ విడుతి పద్ధతి.

దర్శిని ఎమ్మెస్సీ చదువుతోంది. అది కూడా మైక్రోబయాలజీ. పగలంతా ల్యాబులో చేతులకు గ్లౌజులు, మూతికి గుడ్డ, గాజుపళ్ళెంలో ఒక్క క్రిమి అటూ ఇటూ కాకుండా కాపలా. సాయంత్రం విడుతికి వస్తే కోటానుకోట్ల క్రిముల మధ్య కాలు మోపే చోటు వెతుక్కోవడం. ఏ క్రిమి ఎక్కడ ఏ రోగం తెస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఆ క్రిములతోనే కాపురం చేయాల్సి వచ్చింది. మారిపోవడానికి లేదు. నాన్న అయ్యసామి ఆమెను కోయంబత్తూరు పంపేటప్పుడు ఒకే మాట చెప్పాడు. మన విడుతిలో ఉంటేనే చదువు. బయటి హాస్టలూ అద్దె గదీ అని నోరెత్తితే ఆ రోజే పెట్టె సర్దుకుని ఊరికి రావాలి.

అందువల్ల అందరు పిల్లల్లాగే దర్శిని కూడా నీళ్ళు తాగడం మానేసింది. తాగకపోతే వెళ్ళే పని ఉండదు. ఆమె గదిలో ఉండే నివేదితయితే ఇంకా మొండిది, మధ్యాహ్నం చారు కూడా పోసుకునేది కాదు. ఒక రోజు క్లాసులో చలిజ్వరంతో వణికిపోతూ బల్ల మీద పడిపోయింది. కిడ్నీల దాకా ఇన్ఫెక్షన్ పాకిందని డాక్టరమ్మ చెప్పి, "నీళ్ళు తాగవా పిల్లా?" అని కసిరింది. ఆ మాటకు నివేదిత మంచం మీదనుంచే నవ్వింది. దర్శినికి మాత్రం నవ్వు రాలేదు. తేని ఊరినుంచి నివేదిత నాన్న వచ్చి, కూతురి బట్టలూ పుస్తకాలూ మూటగట్టి, "చదివినంత చాలు తల్లీ, ప్రాణం ఉంటే అదే పదివేలు" అని తీసుకుపోయాడు. క్లాసులో మొదటి ర్యాంకు పిల్ల. ఒక కక్కూసు ఆమె చదువును మింగేసింది.

వారం తిరక్కముందే దర్శినికి కూడా ఒంటికి వెళితే మంట మొదలైంది. తరవాత బల్ల మీద పడేది తనే అని ఆమెకు అర్థమైంది. ఆ ఆదివారం బస్సెక్కి ఆర్.ఎస్. పురం వెళ్ళింది, తలైవర్ రంగసామి ఇంటికి.

రంగసామికి రెండు మిల్లులు, మెత్తటి గొంతు. ఎవరొచ్చినా లోపలికి పిలుస్తాడు, కాఫీ ఇప్పిస్తాడు, ఇంటిపేరు అడిగి ఏదో ఒక చుట్టరికం కలుపుతాడు. దర్శినికి కూడా కలిపాడు.

"మీ అవ్వ జానకమ్మాళ్ పుట్టినిల్లు మా మేనత్త ఊరే కదమ్మా! అట్లయితే నువ్వు నాకి కోడలి వరస. మామా అని పిలువు. కూర్చో."

దర్శినికి కూర్చునే పరిస్థితి లేదు. దారిలో బస్సు కుదుపులకు కడుపు బిగబట్టుకుని వచ్చింది. బాత్రూం ఎక్కడని అడిగితే ఆయన భార్య హాలు పక్కనున్న తలుపు చూపించింది. లోపల నేలంతా పాలరాయి. గోడకు అద్దం, అద్దం కింద గాజుగిన్నెలో మల్లెలు, మడతపెట్టిన తెల్ల తువ్వాలు. నీళ్ళు తిప్పగానే వచ్చాయి. ఇంటివాళ్ళది కాదట, వచ్చేపోయేవాళ్ళ కోసమట. దర్శిని పని అయిపోయాక కూడా కాసేపు అక్కడే కూర్చుండిపోయింది. ఆ శుభ్రం చూసి ఆమెకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు చూసి తన మీద తనకే కోపం వచ్చింది. మొహం కడుక్కుని బయటికి వచ్చింది.

"మన బిడ్లకు ఏమి కొరత పెట్టినానమ్మా?" అన్నాడు రంగసామి. "పోయిన ఏడు వాకిట్లో ఆర్చి కట్టిస్తిని. ఈ ఏడు మీటింగు హాలుకు ఏసీ. ఇంకా ఏం కావాల, చెప్పు."

"మామా, కక్కూసు..."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "కాపీ తాగేటప్పుడు ఆ మాట ఏమిటికమ్మా?"

"మీరు తాగేటప్పుడు మాటే కదా మామా. మేము దాంట్లోకి పోయొచ్చి బువ్వ తింటున్నాము." నివేదిత సంగతి చెప్పింది. పొర్లే నీళ్ళు చెప్పింది, పురుగుల గురించి చెప్పింది. తన మంట సంగతి మాత్రం మగవాడి ముందు చెప్పలేకపోయింది.

ఆయన 'పావం, పావం' అంటూ విన్నాడు. పాపం, నిజంగానే జాలిపడ్డాడు. జాలిపడటానికి ఆయనకు ఖర్చేమీ కాదు.

"నిర్వాగం కమిటీలో ఎన్నోసార్లు మాట్లాడితిమి. కట్టకూడదని ఎవరికీ లేదు. కానీ దాత దొరకాల కదా? దాతకు కల్వెట్టు పెట్టాల కదా? కన్నతల్లి పేరు తీసుకుపోయి కక్కూసు మీద ఎవరు పెడతారు, నువ్వే చెప్పు?"

"పేరు లేకుండా కట్టండి."

పసిపిల్ల మాట విన్నట్టు నవ్వాడాయన. "పేరు లేకుండా ఎవరమ్మా ఇస్తారు? ఈ కోవై ఊరంతా తిరిగిరా, ఒక్కడుంటే చూపించు. ఇంత మాట్లాడుతుండావే, మీ ఇంట్లో పెడతారా? మీ అవ్వ పేరు పెడతారా, కక్కూసు మీద?"

"పెడతాము" అంది దర్శిని.

అనేశాక నాలుక కరుచుకుంది. అవ్వ బతికే ఉంది. బతికున్న మనిషి పేరు రాతిమీద వేయిస్తామంటేనే ఊళ్ళో మొహం అదోలా పెడతారు. అందులోనూ దానిమీద. కానీ రంగసామి అప్పటికే ముచ్చటపడిపోయి, "అట్లయితే పెట్టు! మీ నాయనను పిలుచుకొని రా, ఆ మర్నాడే పని మొదలు పెడతా" అని లేచి నిలబడ్డాడు. వీళ్ళు రారని ఆయనకు తెలుసు.

శుక్రవారం దర్శిని ఊరికి బయల్దేరింది. కోవై బస్సు మదురై ఆరపాళయంలో దింపితే, అక్కడినుంచి ఇంకో బస్సులో మాట్టుతావణి, మళ్ళీ సాత్తూరు వైపు బస్సు. మాట్టుతావణిలో చిల్లర ఇచ్చి వెళ్ళే మరుగుదొడ్డి ఉంటుంది. కూరగాయల బండ్లవాళ్ళూ బస్సులవాళ్ళూ వాడే ఆ దొడ్డి కూడా తన విడుతి దానికంటే శుభ్రంగా కనిపించింది. మిల్లుల యజమానులు, ఏసీ మీటింగు హాలు, నూనె రాసిన రాళ్ళు, అన్నీ ఉండి తమకు బస్టాండు పాటి గతి కూడా లేదని తలచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

అయ్యసామికి ఆ మండటం అర్థం కాలేదు.

"తలైవర్ ఎదురుగా పోయి కక్కూసు మాట మాట్లాడితివా? ఆయన ఎంత, మనం ఎంత? నాకి మానమే పోయింది. అంత కష్టంగా ఉంటే వచ్చెయ్. నిన్నెవరు చదవమనిరి?"

"వచ్చేదానికి కాదు నాయనా నేను చెప్పేది."

"మరి దేనికి? అవ్వ పేరును దాని మీద పెట్టేదానికా? ఇంకా ప్రాణంతో ఉండాది ముసిల్ది!"

ముసలిది తిన్నె మీద చింతపండులో గింజలు తీస్తోంది. జానకమ్మాళ్‌కు చెవులు బాగా వినిపిస్తాయి. భుజాల దాకా సాగిన ఆ చెవులకు బరువైన బంగారు తండట్టులు వేళ్ళాడుతుంటాయి. ఈ వైపు పల్లెల్లో ఆ తరం ఆడవాళ్ళు వేసుకున్న నగ అది. ఇప్పుడు ఊళ్ళో ఆమెకే మిగిలింది. గింజలు పక్కకు నెట్టి అడిగింది.

"ఎట్లుంటుంది అది? నాకి చెప్పు."

దర్శిని చెప్పింది. రంగసామికి చెప్పనివి కూడా చెప్పింది. నీళ్ళు తాగకపోవడం, మంట, తడి ఆరని గుడ్డలు. చెబుతుంటే గొంతులోకి ఆ వాసనే వచ్చినట్టయి లేచి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"నేనూ తాగలేదమ్మా" అంది అవ్వ. "పెండ్లయి ఈ ఊరికి వచ్చిననాటినుంచి తాగలేదు. పొద్దు కూకేదాక బిగబట్టుకోవాల. చీకటి పడినంక కరిసల్ కాట్లో, ఆ నల్లరేగడి చేన్లో, ముండ్లచెట్ల చాటుకు పోవాల. పాము కనిపిస్తే లేవాల, టార్చిలైటు కనిపిస్తే లేవాల. మీ నాయన కడుపులో ఉన్నప్పుడు కూడా అట్లే. నా మనవరాలు కోవై పోయింది, పెద్ద చదువు చదువుతుండాది, ఆడ దానికి ఆ పీడ లేదు అనుకొంటిని. చెడిపోయినవాళ్ళు, చదువుకునే బిడ్లను మళ్ళీ ముండ్లలోకే తోలినారే!"

రెండు చేతులూ చెవులకు పోనిచ్చి తండట్టులు ఊడదీసింది. ఏళ్ళ తరబడి ఉన్న బరువు పోయేసరికి చెవి తమ్మెలు వెలితిగా వేళ్ళాడాయి. వాటిని కొడుకు చేతిలో పెట్టింది.

"దీన్ని అమ్మి కట్టమను. నా పేరే పెట్టమను."

"అమ్మా, ఊరు నవ్వుతుంది!"

"నవ్వనీ. నవ్వేవాళ్ళు ఎవరైనా నాకి చీకట్లో తోడు వస్తిరా?"

అయ్యసామి తండట్టులను తుండుగుడ్డలో మూటగట్టాడు. సోమవారం అతనే బస్సెక్కి కోవై వచ్చాడు, తలవంచుకుని, ఏదో తప్పు చేసినవాడిలాగా. తండట్టుల సొమ్ము రంగసామి ముందు పెట్టాడు.

రంగసామి ఇరుకున పడ్డాడు. దాత దొరకలేదనే సాకు పోయింది. భోజనశాలలో గడియారం కొనిద్దాం, లైబ్రరీలో బీరువా పెడదాం, పేరు గౌరవంగా ఉంటుంది అని ఎన్నో చెప్పి చూశాడు. అయ్యసామి కూడా దానికే మొగ్గేవాడు కానీ ఫోనులో అవ్వ ఒప్పుకోలేదు. సరే, కల్వెట్టును లోపలి గోడకు పెడదాం అన్నాడు. "బయటే పెట్టు. తలుపు పక్కనే పెట్టు" అంది అవ్వ.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. కట్టడం మాత్రం బాగా కట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. వరసగా పది గదులు, తెల్ల టైల్సు, పై కుళాయిలు, కింద కుళాయిలు, చేతులు కడుక్కునే తొట్టెలు, మూతలున్న చెత్తబుట్టలు. అన్నింటికీ కలిపి బయట ఒకే పెద్ద తలుపు. ఆ తలుపుకు ఇత్తడి పూట్టు, అంటే తాళం, ఒకటి వేశారు. తిఱప్పువిళా, అదే ప్రారంభోత్సవం, అయ్యేదాకా అంతే అన్నారు. ముఖ్య అతిథి తీరిక చూసుకుని వస్తాడట. ఆయనకు ఒక నెల తీరిక దొరకలేదు, రెండో నెలా దొరకలేదు. కళ్ళ ముందు తెల్లటి కొత్త గదులు తాళం వేసి ఉంటే, పిల్లలు వాటి పక్కనుంచే ముక్కు మూసుకుని పాత షెడ్డుకు వెళ్ళారు. వానలకు ఆ మడుగు చీలమండల దాకా వచ్చింది. దర్శిని మందుబిళ్ళలు మింగుతూ గడిపింది. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అని తనకు తనే చెప్పుకుంది.

ప్రారంభోత్సవానికి ముందురోజు వార్డెన్ సుందరవల్లి పిల్లలందరినీ భోజనశాలలో నిలబెట్టింది.

"రేపు పట్టుపావడాలు కట్టుకోండి. అతిథులు వచ్చినప్పుడు నమస్కారం చెప్పండి. ఇంకొకటి. రేపు తిఱప్పువిళా అయిపోతానే ఎవరూ లోపలికి దూరకూడదు. మళ్ళీ పూట్టు వేస్తాము."

"ఎందుకత్తా?" అంది దర్శిని.

"దాతలు మీటింగుకు వస్తారు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళకు మంచిదిగా ఒకటి ఉండవద్దా? మీ చేతికిస్తే నెలలో పాతదాని మాదిరి చేసేస్తారు. తలైవర్ చెప్పిన మాట ఇది, నాది కాదు."

కొందరు పిల్లలు తల ఊపారు. దర్శిని వెంటనే ఊరికి ఫోను చేసింది. అవ్వా, నాన్నా అప్పటికే బయల్దేరిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

మర్నాడు షామియానా వేశారు, నాదస్వరం పెట్టించారు. పాత షెడ్డు వాసన తెలియకుండా దారి పొడుగునా ముగ్గుపిండిలా బ్లీచింగ్ పొడి చల్లించారు, అతిథులు కూర్చునే చోట అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగించారు. అయినా గాలి తిరిగినప్పుడల్లా మల్లెలూ అగరొత్తులూ పెంట కంపూ కలిసి ఒకటే వాసన అయి ముక్కుకు కొట్టింది. ముందు వరసలో పట్టుచీరలు చేతిరుమాళ్ళు తీశాయి. రంగసామి మైకులో చాలాసేపు మాట్లాడాడు. మన కులం గొప్ప, మన దానగుణం గొప్ప, మన తెలుగు గొప్ప అన్నాడు. ఎంతసేపు మాట్లాడినా కట్టిందేమిటో ఆ మాట మాత్రం నోటితో అనలేదు. "ఈ వసతి", "ఈ సౌకర్యం" అంటూ నెట్టుకొచ్చాడు. ముఖ్య అతిథి వెండిపళ్ళెంలో పసుపు కుంకుమల మధ్యనున్న కత్తెర తీసుకుని రిబ్బను కత్తిరించాడు. పట్టుగుడ్డ తొలగిస్తే కల్వెట్టు కనిపించింది. జానకమ్మాళ్ తనకు చదవడం రాకపోయినా దగ్గరికి వెళ్ళి అక్షరాల మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

అతిథులు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి 'బాగుండాది, బాగుండాది' అన్నారు. ఫోటోలు అయ్యాయి. సుందరవల్లి తలుపు దగ్గరికి లాగి, తాళం చేతిలోకి తీసుకుంది.

"ఏమిటికి పూట్టు?" అంది అవ్వ.

సుందరవల్లి రంగసామి వైపు చూసింది. రంగసామి మెత్తగా నవ్వి, "పెద్దమ్మా, ముందు భోజనం చేద్దాం రండి" అన్నాడు.

"పిల్లలకు ఇవ్వరంట అవ్వా!" అంది దర్శిని. గొంతు అందరికీ వినిపించేలా లేచింది. "వచ్చేపోయే గొప్పవాళ్ళకంట. మేము మళ్ళీ దాంట్లోకే పోవాలంట."

అవ్వ మొహం నల్లబడింది. అయ్యసామి కూతురి చెయ్యి పట్టుకోబోయాడు. ఆ చెయ్యి అప్పటికే సుందరవల్లి గుప్పిట్లోంచి తాళాన్ని, దానికి వేళ్ళాడుతున్న చెవితో సహా లాగేసుకుంది. దర్శిని పట్టుపావడా ఎత్తిపట్టి వెనక్కి పరుగెత్తింది. పాత షెడ్డు చివరి గదికి అడ్డం పెట్టిన బండరాయి పైనుంచి, నిండిపోయి నురగలు కడుతున్న ఆ గుంటలోకి విసిరేసింది. తాళం బొళుక్కుమని మునిగిపోయింది.

"కావలసినవాళ్ళు చెయ్యి పెట్టి తీసుకోండి!" అని అరిచింది. ఇన్నాళ్ళ కోపం ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. ఇంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరూ ఆ గుంటలో చెయ్యి పెట్టరని ఆమెకు తెలుసు. గెలిచానని అనుకుంది.

రంగసామి కంగారు పడలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఇరుళాయి ఏది? పిలువు. తీసి, కడిగి ఇమ్మను" అన్నాడు.

వెనక గేటు దగ్గర ఎంగిలాకుల కోసం నిలబడిన ఇరుళాయి, బకెట్టు తీసుకుని వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. చీరకొంగు పళ్ళ మధ్య బిగించి, బండరాయి పక్కకు నెట్టి, గుంట పక్కన గొంతుక్కూర్చుంది. గాజులు పైకి లాక్కుంది.

దర్శినికి అప్పుడు తెలిసింది, తాను విసిరింది ఎవరి చేతిమీద పడిందో. రంగసామి దాకా అది పోలేదు. ఇంతమంది అసహ్యమంతా ఎప్పుడూ ఏ చేతిమీద పడుతుందో, తన కోపం కూడా తిన్నగా వెళ్ళి అక్కడే పడింది. ఆ రోజుదాకా విడుతి మీద పుట్టిన రోత ఆ క్షణం తన మీద తనకు పుట్టింది.

"నువ్వు వద్దక్కా! నిల్లు!" అని ఇరుళాయి భుజం పట్టి వెనక్కి లాగింది. "వేసింది నేను."

మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని కుడిచెయ్యి లోపల పెట్టింది. వెచ్చగా ఉంది. అది వెచ్చగా ఉంటుందని ఆమె అనుకోలేదు. మోచెయ్యి దాకా దిగినా అందలేదు. వేళ్ళకు జిగటగా, మెత్తగా, తెగి విడిపోయేవేవేవో తగిలాయి. గొంతులోకి వచ్చినదాన్ని దిగమింగుకుంది. ఇంకొంచెం వంగితే పట్టుజాకెట్టు చెయ్యి కూడా మునిగింది. అప్పుడు ఇత్తడి గట్టిగా తగిలింది.

చెయ్యి బయటికి తీసి లేచి నిలబడింది. వేళ్ళనుంచి కారుతోంది. దారి ఇమ్మని అడిగే పని లేకుండా జనం తామే పక్కకు తప్పుకున్నారు. ఆమె తిన్నగా కొత్త కట్టడం ముందుకు వెళ్ళి, పసుపు కుంకుమలున్న వెండిపళ్ళెంలో, కత్తెర పక్కన ఆ తాళం పెట్టింది.

"మామా, మీ పూట్టు. వేసుకోండి."

ముఖ్య అతిథి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కారు వైపు నడిచాడు. రంగసామి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన మెత్తటి గొంతు మొదటిసారి చీలింది.

"ఛీ! అసింగం! తీసెయ్ దాన్ని, వాసన!"

"వచ్చిందా వాసన?" అంది జానకమ్మాళ్. "ఇన్నేండ్లుగా బిడ్లు దాంట్లో ఉండారే, ఈ పొద్దు వచ్చిందా నీకి?" తలుపు బార్లా తెరిచి, గుమ్మంలోనే చతికిలబడింది. "ఇంకో పూట్టు తెప్పించు. తెప్పించి, నన్ను లోపల పెట్టి వెయ్యి."

ముందు వరస పట్టుచీరలన్నీ లేచి కార్ల వైపు కదిలాయి. వాళ్ళ వెనకే రంగసామీ వెళ్ళిపోయాడు. అయ్యసామి మాత్రం తల్లి పక్కన, ఎక్కడ చూడాలో తెలియక నిలబడ్డాడు.

దర్శిని అవ్వను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఎడమచేత్తో కుళాయి తిప్పి, మోచెయ్యి దాకా సబ్బు రాసి కడిగింది. మళ్ళీ రాసింది. వాసన పోలేదు. తొట్టెలోకి వంగి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. నోరు పుక్కిలించి, మూడోసారి సబ్బు తీసుకుంది. వెనకాల గుమ్మం దగ్గర గాజుల చప్పుడు వినిపిస్తే తిరిగి చూసింది. అవ్వ పక్కకు జరిగి దారి ఇస్తే, పిల్లలు పావడాలు ఎత్తిపట్టుకుని ఒకరి వెనక ఒకరు లోపలికి వస్తున్నారు. వాళ్ళ వెనక ఇరుళాయి ఖాళీ బకెట్టుతో గుమ్మం బయటే ఆగిపోయింది. దర్శిని పక్కనున్న కుళాయి తిప్పి, "అక్కా, రా, చేతులు కడుక్కో" అని పిలిచింది.